దూరయాత్రకు ముందుగా ధనము కూర్చుకొను విధము



ఈ మాసపు పాఠమునకు విత్తనమును గాని, ఎరువును గాని, చీడను గాని మేము విషయముగ గైకొనలేదు. అందుకు కారణము చెప్పెదము. ఒక గ్రామమున వరి ప్రదర్శన క్షేత్రమును చూచుటకు సభ్యులు కూడినప్పుడు, వారిలో నొక పెద్ద మమ్ము గట్టు ప్రక్కకు పిలిచి, "అయ్యా, పైరుకు ఎప్పుడేమి వేయవలెనో చెప్పుచున్నారు, బాగున్నది. నేనును మా ఇంటిదియు ఒక్కసారి కాశి చూచి రావలెనని పదేండ్లుగా అనుకొనుచున్నాము. ఏటేట పంట చేతికి వచ్చును, ఏటేట రూకలు చేజారును. ఈ తెగులునకు మీ యొద్ద మందేమైన కలదా?" అని యడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆయన మాత్రము నవ్వలేదు. "పెద్దయ్యా, దీనికి మందు కలదు గాని అది నొక్క మోతాదులో పనిచేయునది కాదు, పత్రికలో వ్రాసెదము" అని మాట యిచ్చి వచ్చితిమి. ఆ మాట చెల్లించుటకే ఈ వ్యాసము.

పూర్వము కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మనవారు చెప్పుకొనెడివారు. చెన్నపట్టణమున న్యాయస్థానములో దుబాసీగానుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో బయలుదేరి, కాశి, గయ మున్నగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. అనగా పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. నేడు రైలెక్కినవాడు రెండవనాటికో మూడవనాటికో గంగ యొడ్డున నుండును. దారి భయము పోయినది, దూరము తగ్గినది. అయినను మన రైతు కదలలేకున్నాడు. ఆటంకము దారిలో లేదు. ఇంటి లెక్కలో నున్నది.

1. అప్పు యాత్ర

మేమెరిగిన యొక రైతు 2023వ సంవత్సరము గంగా పుష్కరములకు పోయెను. ఆ పుష్కరములు ఏప్రిలు 22 మొదలు మే 3 వరకు జరిగెను. పుష్కరములు పండ్రెండేండ్లకొకసారి వచ్చుననుట పసివాండ్రకును తెలిసిన సంగతియే. పండ్రెండేండ్ల ముందుగా తెలిసిన ప్రయాణమునకు ఆయన పండ్రెండు దినముల ముందు డబ్బు వెదకుకొనెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. యాత్ర ముగిసెను, ప్రసాదము పంచెను. అప్పు మాత్రము మరి రెండు పంటల వరకు ఆయన ఇంటనే కాపురముండెను.

ఈ అప్పును అంకెలలో చూతము. రూ. 40,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు వడ్డీయే రూ. 800 అగును. నెలకు రూ. 1,667 చొప్పున అప్పు తీర్చుచు వచ్చినవానికి అది తీరుటకు సుమారు 33 నెలలు పట్టును, మొత్తము రూ. 55,000 చెల్లించును. అదే రూ. 1,667 నెలనెల ముందుగా దాచుకొన్నవానికి 24 నెలలలో నలుబది వేలును చేతబడును. కట్టు సొమ్ము ఒక్కటే, కట్టువాడు ఒక్కడే. యాత్రకు ముందు కట్టినచో 24 వాయిదాలు, తరువాత కట్టినచో 33 వాయిదాలు. ఆ తొమ్మిది వాయిదాలు గంగలోను కలియలేదు, దేవునికిని చేరలేదు. వడ్డీవ్యాపారి పెట్టెలో పడినవి.

ఇంకొక తప్పు దీనికంటె మోసకరమైనది. పంటఋణము తీర్చుటకు తీసియుంచిన సొమ్మును యాత్రకు మళ్లించుట. "సంఘమువారు మనవారే గదా, రెండు నెలలాగరా?" అని అనుకొందురు. మూడు లక్షల లోపు పంటఋణములకు 2024-25లో వడ్డీ నూటికి సాలీనా 7 రూపాయలు. గడువులోపల తీర్చినవానికి అందులో 3 రూపాయల రాయితీ లభించినందున నికరముగ 4 రూపాయలే పడినది. లక్ష రూపాయల ఋణముపై ఏడాదికి ఈ భేదము రూ. 3,000. గడువు తప్పినవాడు ఈ మూడు వేలు పోగొట్టుకొనుటయే గాక, బాకీదారుల పట్టికలో చేరి మరుసటి ఋణమునకు చిక్కు తెచ్చుకొనును. కావున మొదటి సూత్రము ఇది: పంటఋణపు సొమ్ము, విత్తనపు సొమ్ము, పిల్లల చదువు సొమ్ము, ఈ మూడింటిని యాత్ర తాకరాదు.

2. మా యింటి మాట

పరులకు చెప్పుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. మేము కొలువులో చేరిన తొలిదినములలో మా తల్లిగారిని కాశికి తీసికొనిపోవలెనని సంకల్పించి, నెలనెల కొంత సొమ్ము ఇంటిలోని ట్రంకుపెట్టెలో వేయుచు వచ్చితిమి. లెక్క వ్రాయలేదు, తేదీ నిర్ణయించలేదు. మొదటి ఏడు బంధువుల పెండ్లి కట్నములకు ఆ పెట్టె తెరచితిమి. రెండవ ఏడు పొలమున మోటారు కాలిపోయిన తెరచితిమి. తరువాత ఎందులకు తెరచితిమో మాకే జ్ఞాపకము లేదు. "వచ్చే ఏడు తప్పక పోదము, అమ్మా" అని మేమనుటయు, "దానికేమి నాయనా, గంగ యెక్కడికి పోవును" అని ఆమె యనుటయు ఏటేట జరిగెను.

గంగ యెక్కడికిని పోలేదు. మా తల్లిగారి మోకాళ్లు పోయినవి. తుదకు మేము కాశికి పోవునాటికి ఆమె ఘట్టము మెట్లు దిగలేకపోయెను. పై మెట్టున కూర్చుండబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె తలపై పోసితిమి. ఆమె సంతోషించెను, మమ్ము నొక్క మాటయైన అనలేదు. కాని మిషను పాఠశాలలో కూడికలు, తీసివేతలు చక్కగా నేర్చిన మేము, ఇంటి కూడికలో ఒక వరుస వదలివేసితిమని ఆనాడు తెలిసికొంటిమి. ఆ వరుస పేరు కాలము. ధనము తరువాతనైన కూడును; పెద్దల కాళ్ల సత్తువ తరువాత కూడదు.

3. ముందు తేదీ, తరువాత ధనము

విత్తునాడే కోతనాటిని లెక్కించువాడు రైతు. యాత్రకును అట్లే తేదీ ముందు నిర్ణయింపవలెను. "ఎప్పుడో" అను తేదీకి ఎవడును దాచలేడు.

కాశిలో ఏప్రిలు మొదలు జూను వరకు ఎండలు మిక్కుటము. వానకాలమున గంగ పొంగి ఘట్టముల మెట్లు మునుగును, పడవలు నిలిచిపోవును. డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరదేశమున దట్టమైన మంచు పడి రైళ్లు గంటల తరబడి ఆలస్యమగును. పర్వముల రద్దీ వేరుగా నుండును. 2025 జనవరి 13 మొదలు ఫిబ్రవరి 26 వరకు జరిగిన మహాకుంభమేళ దినములలో ప్రయాగయు కాశియు జనముతో నిండిపోయెను. ఖరీఫు వరి మాత్రమే పండించువారికి సంక్రాంతి దాటిన పిమ్మట, ఫిబ్రవరి నడుమ నుండి మార్చి నడుమ వరకు మంచి అదను: కోత, నూర్పిడి ముగియును, చలి తగ్గును, ఎండ ముదురదు. మిరప వేసినవారికి అది కోతల కాలము గాన వారు కోత ముగించి మార్చి నెలాఖరున కదలవలెను. దాళ్వా వేయువారు తమ నీటి వంతును చూచుకొని నిర్ణయింపవలెను.

ఇక్కడ నొక మెలిక కలదు. 2024 నవంబరు 1 నుండి రైలు టిక్కెట్లను ప్రయాణమునకు 60 దినముల ముందు మాత్రమే రిజర్వు చేయు పద్ధతి వచ్చినది. ఫిబ్రవరి 15న బయలుదేరువాడు డిసెంబరు 17న టిక్కెట్టు కొనవలెను. ఆనాటికి ధాన్యము కళ్లములోనే యుండవచ్చును, సొమ్ము చేతికి వచ్చియుండకపోవచ్చును. కావున టిక్కెట్ల సొమ్ము ఆ ఏటి పంట నుండి గాక, అంతకు ముందే సమకూడియుండవలెను. వృద్ధులకుండిన టిక్కెట్టు రాయితీ 2020 మార్చిలో నిలుపబడినది. స్టేషనులో విచారింపకుండ దానిని నమ్మి లెక్క వేయరాదు.

4. పద్దులు వ్రాయు విధము

ఇంటి దంపతులిద్దరు కూర్చుండి ఒక నోటుపుస్తకమున ఈ పద్దులు వ్రాయవలెను. క్రింది అంకెలు ఇద్దరు మనుష్యులకు, పది దినముల యాత్రకు మేము ఉదాహరణముగ వేసినవి. ధరలు ఊరూరికి మారును. ఎవరి అంకెలు వారు విచారించి వ్రాసికొనవలెను.

రైలు టిక్కెట్లు, రాను పోను: రూ. 3,200
ఊరి నుండి స్టేషనునకు బస్సు, అచ్చట ఆటోలు, పడవ: రూ. 3,000
బస, 6 రాత్రులు, రాత్రికి రూ. 600: రూ. 3,600
భోజనము, ఇద్దరికి, దినమునకు రూ. 500: రూ. 5,000
పూజలు, పితృకార్యములు, దక్షిణలు: రూ. 6,000
ప్రయాగ, గయలకు పోయి వచ్చుట: రూ. 4,000
వస్త్రములు, పంచిపెట్టు వస్తువులు: రూ. 3,000
ఇంటి వద్ద పశువులను చూచువాని కూలి: రూ. 2,500
తిరిగి వచ్చిన పిమ్మట సమారాధన: రూ. 6,000
మొత్తము: రూ. 36,300
అనుకొనని ఖర్చులకు పదవవంతు: రూ. 3,630
వెరసి: రూ. 39,930, అనగా సుమారు రూ. 40,000

ఈ పట్టికలో కడపటి రెండు పద్దులను చూడుడు. పోవునప్పటి ఖర్చును అందరును లెక్కింతురు. ఇంటి వద్ద పాడిగేదెకు మేత వేయువాని కూలిని, తిరిగి వచ్చి చేయు సమారాధనను మరచెదరు. మేము చూచిన యాత్రా అప్పులలో కొన్ని కాశిలో పుట్టినవి కావు, కాశి నుండి వచ్చిన పిమ్మట వేసిన విస్తళ్లలో పుట్టినవి. సమారాధనకు ఎందరిని పిలువవలెనో యాత్రకు ముందే నిశ్చయించుకొనుడు. వచ్చిన తరువాత నిశ్చయించినచో ఊరే నిశ్చయించును.

పూజల పద్దు గూర్చి ఒక మాట. ఏ కార్యమునకెంత యని ముందుగా మాటాడుకొని, పిమ్మట కూర్చుండవలెను. బసకును అట్లే. తెలుగు యాత్రికులకు బస చూపు స్థలములు కాశిలో కలవు. మానససరోవర ఘట్టము చెంతనున్న శ్రీరామతారక ఆంధ్రాశ్రమము అనేకులెరిగినది. ముందుగా వ్రాసియో, ఫోనులో మాటాడియో గది కలదో లేదో తెలిసికొనుట మేలు. మొగల్‌సరాయి జంక్షను 2018 నుండి పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను అను పేర నున్నది. పాత పేరు మాత్రమే యెరిగిన పెద్దలు దిగవలసిన చోట తికమకపడకుండ ఈ సంగతి వారికి చెప్పవలెను.

5. ఎచ్చట నుండి కూర్చవలెను

ఇంగ్లండు దేశమున లాంకషైరు నేతమిల్లుల పనివారు పూర్వము వారము వారము కూలిలో కొంత తమ సెలవుల పొదుపు సంఘములో వేయుచు, ఏటికొకసారి మిల్లులు మూయు వారమున ఆ సొమ్ము తీసికొని, బ్లాక్‌పూల్ మున్నగు సముద్రతీర పట్టణములకు రైలులో పోయెడివారు. సహకారోద్యమమునకు మార్గదర్శకులైన రాచ్‌డేలు వారు 1844లో అంగడి తెరచినదియు ఆ సీమలోనే. 28 మంది సభ్యులు కొద్ది కొద్దిగా కూర్చిన 28 పౌనులే వారి మూలధనము. చిన్న మొత్తములను క్రమము తప్పక వేయుట వారి బలము.

కాని వారికి వారము వారము కూలి వచ్చెడిది. మన రైతునకు ధనము వానవలె వచ్చును: వచ్చినప్పుడు వరద, తరువాత ఎండ. "నెలకు 1,667 రూపాయలు దాచుము" అని రైతునకు చెప్పుట శ్రావణమున కోయుమని చెప్పుట వంటిది. అతని వాయిదాలు అతని రాబడి వెంట నడువవలెను. రెండేండ్ల గడువునకు ఈ విధముగ విభజింపవచ్చును.

ఖరీఫు పంట, రెండేండ్లు, ఏటికి రూ. 10,000: రూ. 20,000
రబీ అపరాలు, రెండేండ్లు, ఏటికి రూ. 4,000: రూ. 8,000
పాల బిల్లు, పదునైదు దినములకు రూ. 250, 48 బిల్లులు: రూ. 12,000
మొత్తము: రూ. 40,000

పాల బిల్లు వరుసను చిన్నచూపు చూడరాదు. పంట ఒకయేడు తప్పినను గేదె తప్పదు. తుదకు టిక్కెట్ల సొమ్మునకు ఆదుకొనునది ఇదియే. పైగా పాల డబ్బు సాధారణముగ ఇల్లాలి చేతికి వచ్చును. ఆమె చేతిలోని 250 రూపాయలు ఆమె భర్త జేబులోని 1,000 రూపాయలకంటె స్థిరమైనవని చెప్పుటకు మేము సందేహింపము. వడ్డీని ఈ లెక్కలో కలుపలేదు. రెండేండ్లలో ధరలు పెరుగును గాన వడ్డీ ఆ పెరుగుదలకు చెల్లునని వదలితిమి.

సొమ్మును ఎప్పుడు తీసి వేయవలెను? ధాన్యము అమ్మిన నాడే. మనలో పలువురు ఖర్చులు పోగా మిగిలినది దాతమందురు. మిగులుట యెన్నడును లేదు. విత్తనపు ధాన్యము తీసియుంచిన తరువాతనే తిండిగింజలు కొలుచుట మన తాతల పద్ధతి. పొదుపునకును అదే పద్ధతి.

6. ఎచ్చట దాచవలెను

ట్రంకుపెట్టెలో దాచరాదని మా కథయే చెప్పుచున్నది. తెలిసినవారు నడుపు చీటీలో వేయుదమా యని కొందరడుగుదురు. 1982 చీటీల చట్టము ప్రకారము చీటీకి రిజిస్ట్రేషను అవసరము. రిజిస్ట్రేషను లేని చీటీలో వేసిన సొమ్ము, గట్టు లేని మడిలో పెట్టిన నీరు.

పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు మన దేశమున 1882 నుండి జరుగుచున్నది. గ్రామమున పోస్టాఫీసున్నవారికి అది సులభము. అచ్చటి రికరింగు డిపాజిట్టుకు నెలకు 100 రూపాయలు చాలును గాని గడువు అయిదేండ్లు; పాల బిల్లు వరుసను దీర్ఘకాలము నడుపదలచినవారికి అది తగును. రెండేండ్ల యాత్రకు మామూలు పొదుపు ఖాతాయు, పంట సొమ్మునకు ఏడాది గడువు డిపాజిట్టును అనుకూలము. మన సంఘములో డిపాజిట్టు చేయువారికి ఒక నిజము చెప్పవలెను. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులోని డిపాజిట్లకు 2020 నుండి 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ కలదు. గ్రామ ప్రాథమిక సంఘములోని డిపాజిట్లకు ఆ బీమా వర్తింపదు. అందుచే సభ్యులు సంఘమును విడువవలెనని మా భావము కాదు. మహాసభకు రండు, ఆడిటు రిపోర్టు చదివి వినిపింపుమని అడుగుడు, కట్టిన దినముననే రసీదు పుచ్చుకొని పాసుపుస్తకములో వ్రాయించుకొనుడు. అడుగు సభ్యుడే సంఘమునకు బీమా.

ఎచ్చట దాచినను ఖాతా వేరుగా నుండవలెను. పుస్తకము అట్టపై "కాశి" అనియు, బయలుదేరు నెలయు సంవత్సరమును పెద్ద అక్షరములతో వ్రాయుడు. పేరు లేని సొమ్ము అందరిది; పేరున్న సొమ్మును అడుగుటకు బంధువులును జంకుదురు. ఇంటిలో ఎవరికైన జబ్బు చేసి ఆ సొమ్ము తీయవలసివచ్చినచో సిగ్గుపడక తీయుడు. ప్రాణముకంటె యాత్ర ఎక్కువ కాదు. కాని తీసిన మొత్తమును "ఇల్లు యాత్రకు బాకీ" అని వ్రాసి, మరుసటి పంటలో తీర్చుడు. పెండ్లి కట్నములకును, ఎన్నికల పందెములకును, క్రొత్త ఫోనుకును ఆ పుస్తకము తెరువరాదు.

7. నలుగురు కలిసిన మేలు

అయిదారు కుటుంబములు కలిసి ఒకే నెలను నిర్ణయించుకొన్నచో లాభములు కలవు. ఆటో, పడవ, వంట ఖర్చులు పంచుకొనవచ్చును. పోనివారు ఈ ఏడు పోవువారి పశువులను చూచి, మరుసటి ఏడు తమ పశువులను వారికి అప్పగింపవచ్చును. అప్పుడు పై పట్టికలోని రూ. 2,500 మిగులును. అయితే ఎవరి పాసుపుస్తకము వారిది, ఎవరి సొమ్ము వారిది. అందరి సొమ్మును ఒక్కని చేతికిచ్చుట స్నేహమునకును చేటు, సొమ్మునకును చేటు.

నలుబది వేలు తమ తాహతునకు మించినదని తలచు సభ్యులు నిరాశపడనక్కరలేదు. భద్రాచలము, శ్రీశైలము, తిరుమల, అన్నవరము మన దగ్గరనే యున్నవి. 2015లో జరిగిన గోదావరి పుష్కరములకు తరువాతివి 2027లో. కృష్ణా పుష్కరములకు 2016 తరువాతివి 2028లో. చిన్న యాత్రకు చిన్న పుస్తకము. పద్ధతి మాత్రము ఒక్కటే. ఒకసారి చిన్న యాత్రను అప్పు లేక ముగించినవాడు పెద్ద యాత్రను సాధింపగలడు.

మమ్ము గట్టుపై ప్రశ్నించిన పెద్దకు మా ప్రత్యుత్తరము ఇదియే: పెద్దయ్యా, ఈ రాత్రియే మీరును మీ ఇంటివారును దీపము వద్ద కూర్చుండి నెలయు సంవత్సరమును వ్రాయుడు. రానున్న పాల బిల్లు నుండి 250 రూపాయలు వేయుడు. మెట్లు దిగుటకు కాళ్లలో సత్తువ యుండగనే గంగ చేరుడు.

అభ్యాసము

సంఘ పఠనమండలిలో ఈ పాఠము చదివిన పిమ్మట సభ్యులు ఈ ప్రశ్నలకు తమ నోటుపుస్తకములలో సమాధానములు వ్రాయవలెను.

1. మీరు చేయదలచిన యాత్ర యెది? ఏ నెలలో, ఏ సంవత్సరమున? ఆ నెలలో మీ పొలమున ఏ పనియుండును?
2. మీ పద్దుల పట్టిక వ్రాయుడు. ఇంటి వద్ద ఖర్చును, తిరిగి వచ్చిన తరువాతి ఖర్చును వేసితిరా?
3. రూ. 25,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలును 18 నెలల పిమ్మట ఒక్కసారి తీర్చినచో వడ్డీ యెంత? (రూ. 9,000. ఆ సొమ్ముతో మీ పొలమునకేమి చేయగలరో ప్రక్కన వ్రాయుడు.)
4. మీ ఇంట పెద్దలలో ఈ యాత్ర కోరుచున్నవారెవరు? వారి వయస్సెంత?

నాలుగవ ప్రశ్నకు సమాధానము వ్రాసినవారు మొదటి ప్రశ్నకు మరల పోయి, తేదీని సరిచూచుకొనవలెను.